17 జీబీ పీఎస్‌టీ, పాప్ ఖాతా: పాత మెయిల్స్‌తో సహా కొత్త సిస్టమ్‌కి మారేదెలా?

ఆడిట్‌డెస్క్ (ప్రశ్న):

గుంటూరులో ఆడిటర్ ఆఫీసు. పాత సిస్టమ్‌లో విండోస్ 10, ఔట్‌లుక్ 2013. కొత్తదాంట్లో విండోస్ 11, మైక్రోసాఫ్ట్ 365. మార్చాల్సిన ఖాతాలు రెండు.

ఒకటి సొంత డొమైన్ మెయిల్, పాప్‌లో (మెయిల్స్‌ని సిస్టమ్‌లోకి దించుకునే పద్ధతి) పెట్టి ఉంది. హోస్టింగ్‌లో దానికిచ్చిన జాగా 1 జీబీ మాత్రమే. కాపీ సర్వర్‌లో ఉంచి 14 రోజుల తర్వాత తీసేసేలా సెట్టింగ్ ఉంది. 2014 నుంచి వచ్చిన మెయిల్సన్నీ ఒకే పీఎస్‌టీ (ఔట్‌లుక్ మెయిల్స్ దాచుకునే ఫైల్) ఫైల్లో ఉన్నాయి, సైజు 17.3 జీబీ. రెండోది జీమెయిల్, ఐమ్యాప్‌లో (అసలు మెయిల్స్ సర్వర్‌లోనే ఉండే పద్ధతి) ఉంది, సుమారు 9 జీబీ.

పీఎస్‌టీని 32 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయబోతే ఫైల్ మరీ పెద్దదని ఆపేస్తోంది. పెన్‌డ్రైవ్ ఖాళీగానే ఉంది. జీఎస్‌టీ రికార్డులు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి కాబట్టి ఒక్క ఇన్‌వాయిస్ మెయిల్ కూడా పోకూడదు, పంపినవి కూడా. టైపిస్టు సిస్టమ్‌లో థండర్‌బర్డ్ (ఔట్‌లుక్ లాంటి ఇంకో మెయిల్ ప్రోగ్రామ్) ఉంది, అది కూడా మార్చాలి. ఏది ముందు, ఏది వెనక?

డ్రైవ్‌నిండా:

పెన్‌డ్రైవ్ సంగతి ముందు. అది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండి ఉంటుంది. ఆ పద్ధతిలో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు, ఖాళీ ఎంతున్నా సరే. అందులో ఏమైనా ఉంటే వేరే చోటికి తీసి, పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్, ఫార్మాట్, ఫైల్ సిస్టమ్ దగ్గర ఎక్స్‌ఫ్యాట్ ఎంచుకోండి. ఇక 17 జీబీ అయినా ఎక్కుతుంది. కాపీ అయ్యాక రెండు చోట్లా ప్రాపర్టీస్ తెరిచి సైజు బైట్లలో చూడండి, చివరి అంకె దాకా కలవాలి. ఎజెక్ట్ కొట్టకుండా లాగేస్తే ఇంత పెద్ద ఫైల్లో చివరి ముక్క పోవడం మామూలే.

అసలు కాపీ ఎందుకు, ఔట్‌లుక్‌లోనే మొత్తం పట్టుకుని జీమెయిల్ ఫోల్డర్లోకి లాగేస్తే పోలేదా? అన్నీ ఒకే చోట ఉంటాయి.

పాతకీబోర్డు:

లాగేస్తే పోదండీ. ఐమ్యాప్ ద్వారా జీమెయిల్‌లోకి ఎక్కించడానికి రోజుకు 500 ఎంబీ హద్దు. 17.3 జీబీ ఎక్కాలంటే 35 రోజులు పైన. పైగా ఉచిత ఖాతాలో డ్రైవ్, ఫోటోలతో కలిపి ఉండేదే 15 జీబీ, అందులో 9 ఇప్పటికే నిండింది. మూడు నాలుగు వందల మెయిల్స్ తరలించడానికి ఆ దారి మంచిదే, ఇంత బరువుకి కాదు.

ఆడిట్‌డెస్క్ గారూ, ముందు తేల్చుకోవాల్సింది ఏ మెయిల్ ఎక్కడ బతుకుతోందన్నది. జీమెయిల్ ఐమ్యాప్ కాబట్టి అసలు సరుకు గూగుల్ దగ్గరే ఉంది, మీ సిస్టమ్‌లో ఉన్నది నకలు. పాప్ ఖాతాది తిరగబడిన లెక్క: సర్వర్లో ఉన్నది చివరి 14 రోజులది, మిగతాదంతా ఆ పీఎస్‌టీలోనే. పంపినవైతే సర్వర్‌కి అసలు చేరనే లేదు, పాప్‌లో సెంట్ ఫోల్డర్ మీ డిస్కులో తప్ప ఇంకెక్కడా ఉండదు. అంటే మీరు కాపాడుకోవాల్సింది ఆ ఒక్క ఫైల్‌నే.

ఒక్కటేనా అన్నది కూడా చూసుకోండి. పాత ఔట్‌లుక్‌లో ఫైల్, అకౌంట్ సెట్టింగ్స్, డేటా ఫైల్స్ ట్యాబ్. అక్కడ కనిపించే ప్రతి వరుసా ఒక ఫైల్, పక్కనే అది ఉన్న దారి. ఆటోఆర్కైవ్‌కి (పాత మెయిల్స్‌ని వేరే ఫైల్లోకి తీసే సదుపాయం) ఎప్పుడైనా సరే అని నొక్కి ఉంటే ఆర్కైవ్ పేరుతో ఇంకో పీఎస్‌టీ తయారై ఉంటుంది. ఈ జాబితాలో నుంచి దాన్ని ఎవరైనా మూసేసినా ఫైల్ మాత్రం డిస్కులో ఉంటుంది, అందుకని సీ, డీ డ్రైవ్‌లు రెండింట్లోనూ పీఎస్‌టీ అని వెతకండి. మామూలుగా డాక్యుమెంట్స్‌లో ఔట్‌లుక్ ఫైల్స్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. పాత వెర్షన్ల నుంచి వస్తున్నవైతే యాప్‌డేటా లోపల లోకల్, మైక్రోసాఫ్ట్, ఔట్‌లుక్‌లో దాక్కుంటాయి. యాప్‌డేటా కనిపించాలంటే వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్ టిక్ పెట్టాలి.

ఆ జాబితాలో ఓఎస్‌టీ (సర్వర్ మెయిల్స్ నకలు ఉంచే ఫైల్) అని చివర ఉన్నది జీమెయిల్‌ది. దాన్ని కాపీ చేసి లాభం లేదు, ఇంకో సిస్టమ్‌లో తెరుచుకోదు. కానీ ఒక మెలిక ఉంది. ఔట్‌లుక్ 2013 నుంచి ఐమ్యాప్ ఖాతాలో కాంటాక్ట్స్, క్యాలెండర్ పక్కన "ఈ కంప్యూటర్‌లో మాత్రమే" అని రాసి ఉండే ఫోల్డర్లు వస్తాయి. వాటిలో పేర్లు, అపాయింట్‌మెంట్లు ఉంటే అవి గూగుల్‌కి వెళ్లవు, ఓఎస్‌టీతోపాటే పోతాయి. వాటిని ముందే పీఎస్‌టీలోకి ఎక్స్‌పోర్ట్ చేసుకోండి: ఫైల్, ఓపెన్ అండ్ ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్.

కాపీకి ముందు చివరిసారి సెండ్ రిసీవ్ కొట్టి, ఔట్‌బాక్స్ ఖాళీ అయిందో లేదో చూసి, సెండ్ రిసీవ్ ట్యాబ్‌లోనే వర్క్ ఆఫ్‌లైన్ నొక్కి, ఔట్‌లుక్ మూసేయండి. తెరిచి ఉండగా పీఎస్‌టీ కాపీ కాదు. మూశాక కూడా కాదంటే టాస్క్ మేనేజర్‌లో ఔట్‌లుక్ ఇంకా నడుస్తోందని అర్థం. ఆ ఆఫ్‌లైన్ నొక్కడం మర్చిపోవద్దు. రేపు ఎవరో పాత సిస్టమ్ ఆన్ చేసి ఔట్‌లుక్ తెరిస్తే ఆ రోజు మెయిల్స్ అందులోకి దిగుతాయి, గడువు తీరిన కాపీలను సర్వర్‌లోంచి తీసేస్తుంది కూడా.

తెల్లకాగితం:

కొత్త వైపు సంగతి నేను చెప్తాను.

విండోస్ 11లో ముందు చూసుకోవాల్సింది, తెరిచింది ఏ ఔట్‌లుక్ అని. పైన ఎడమవైపు ఫైల్ మెనూ ఉంటే క్లాసిక్, లేకపోతే కొత్త ఔట్‌లుక్. మీ పనికి క్లాసిక్కే కావాలి. కొత్తదాంట్లో పీఎస్‌టీ సదుపాయం ఇంకా అరకొరే. పైగా బయటి మెయిల్ ఖాతాలు పెడితే వాటి మెయిల్‌ను మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌కి సింక్ చేయడానికి అనుమతి అడుగుతుంది. క్లయింట్ల లెక్కలుండే ఆఫీసులో అలా సరే అని నొక్కేయడం నాకు నచ్చదు.

రెండోది వన్‌డ్రైవ్. కొత్త విండోస్ చాలాసార్లు డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ని మనకి తెలియకుండానే వన్‌డ్రైవ్‌లోకి మళ్లించి ఉంటుంది. పీఎస్‌టీని అక్కడ పెడితే ఔట్‌లుక్ మెయిల్ తెరిచిన ప్రతిసారీ ఫైల్ మారుతుంది, వన్‌డ్రైవ్ దాన్ని మళ్లీ మళ్లీ ఎక్కించబోతుంది. వన్‌డ్రైవ్ ఉచిత ఖాతా అయితే 5 జీబీ నిండిపోయిందని గోల, మధ్యమధ్యలో ఫైల్ లాక్ అయ్యి ఔట్‌లుక్ బిగుసుకుపోవడం. సీ డ్రైవ్ మొదట్లోనే మెయిల్ అని ఒక ఫోల్డర్ చేసి అందులో పెట్టండి. నెట్‌వర్క్‌లో ఇంకో సిస్టమ్ మీద పెట్టి ఇక్కడినుంచి తెరవాలని చూడొద్దు, పీఎస్‌టీ పాడవడానికి అది దగ్గరి దారి.

ఇప్పుడు ఖాతా. ఇంపోర్ట్ చేయకండి, అవసరం లేదు. ఔట్‌లుక్ తెరవకుండా కంట్రోల్ ప్యానెల్‌లో మెయిల్ అనే ఐకాన్, ఈమెయిల్ అకౌంట్స్, న్యూ, మాన్యువల్ సెటప్, పాప్. వివరాలు నింపే పేజీలోనే కొత్త మెయిల్స్ ఎక్కడ వేయాలని అడుగుతుంది. అక్కడ ఎగ్జిస్టింగ్ డేటా ఫైల్ ఎంచుకుని మీ పాత పీఎస్‌టీని చూపించండి. ఫోల్డర్లు, సెంట్, కాంటాక్ట్స్ అన్నీ ఉన్నవి ఉన్నట్టే కనిపిస్తాయి. పోర్టులు: పాప్‌కి 995, ఎస్‌ఎస్‌ఎల్. పంపడానికి 465 ఎస్‌ఎస్‌ఎల్ లేదా 587 స్టార్ట్‌టీఎల్‌ఎస్, మీ హోస్టింగ్ ప్యానెల్‌లో ఏది రాసి ఉంటే అది. మోర్ సెట్టింగ్స్‌లో ఔట్‌గోయింగ్ సర్వర్ ట్యాబ్‌లో ఆథెంటికేషన్ టిక్ మర్చిపోతే మెయిల్స్ వస్తాయి, పోవు.

పాస్‌వర్డ్ పీఎస్‌టీతో రాదు. ఇప్పుడే చేతిలో ఉందో లేదో చూసుకోండి, లేకపోతే హోస్టింగ్ ప్యానెల్‌లో కొత్తది పెట్టుకోండి.

డూప్లికేట్లు: ఏ మెయిల్ దించుకున్నామో ఆ గుర్తులు పాత ప్రొఫైల్‌తో ముడిపడి ఉంటాయి. కొత్త ఖాతాకి అవి తెలియవు కాబట్టి సర్వర్లో ఉన్న 14 రోజుల మెయిల్స్ మళ్లీ దింపుతుంది. దీనికి చిన్న ఉపాయం. పాప్‌కి సర్వర్లో ఇన్‌బాక్స్ తప్ప ఇంకో ఫోల్డర్ కనపడదు. పాత సిస్టమ్‌లో చివరి సెండ్ రిసీవ్ అయ్యాక వెబ్‌మెయిల్ తెరిచి, "దించినవి" అని ఫోల్డర్ చేసి ఇన్‌బాక్స్ మొత్తం అందులోకి జరపండి. కొత్త సిస్టమ్ ఆ తర్వాత వచ్చినవే తీసుకుంటుంది. నాలుగు వారాలయ్యాక ఆ ఫోల్డర్ తీసేయొచ్చు. జీమెయిల్‌ని పాప్‌లో వాడేవాళ్లకి ఈ ఉపాయం పనిచేయదు, దాని లెక్క వేరు.

జీమెయిల్‌కి ఔట్‌లుక్‌లో చిరునామా ఇస్తే బ్రౌజర్ తెరుచుకుని గూగుల్ సైన్ ఇన్ అడుగుతుంది, ఔట్‌లుక్ 2013లో వాడిన యాప్ పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఐమ్యాప్‌లో దించుకోవడానికి రోజుకు 2500 ఎంబీ హద్దు ఉంది కాబట్టి 9 జీబీ నాలుగు రోజులు తీసుకుంటుంది. మధ్యలో ఆగిపోయిందని ఖాతా తీసి మళ్లీ పెట్టకండి, మొదటినుంచీ మొదలవుతుంది. జీమెయిల్ సెట్టింగ్స్‌లో లేబుల్స్ దగ్గర ఆల్ మెయిల్‌కి షో ఇన్ ఐమ్యాప్ టిక్ తీసేస్తే అదే మెయిల్ రెండు చోట్ల దిగదు.

డ్రైవ్‌నిండా:

ఇంకో రెండు సంగతులు. సిగ్నేచర్లు పీఎస్‌టీలో ఉండవు, యాప్‌డేటా, రోమింగ్, మైక్రోసాఫ్ట్, సిగ్నేచర్స్ ఫోల్డర్ కాపీ చేసుకోండి. రూల్స్‌ని మేనేజ్ రూల్స్, ఆప్షన్స్‌లో ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. అడ్రస్ టైప్ చేస్తుంటే కింద వచ్చే పేర్లు కొత్తదాంట్లో వస్తాయని నమ్మొద్దు, ముఖ్యమైనవి కాంటాక్ట్స్‌లో చేర్చేసుకోండి.

అటాచ్‌మెంట్లలో అను ఫాంట్లతో టైప్ చేసిన తెలుగు ఉంటే కొత్త సిస్టమ్‌లో పిచ్చి ఇంగ్లిష్ అక్షరాల్లా కనిపిస్తుంది. ఫైల్ చెడలేదు, ఫాంట్లు ఎక్కించలేదంతే. పాత సిస్టమ్ ఫాంట్స్ ఫోల్డర్ నుంచి తెచ్చుకుని ఇన్‌స్టాల్ చేస్తే సరి.

పాతకీబోర్డు:

థండర్‌బర్డ్ దీనికంటే తేలిక. హెల్ప్, ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్, ప్రొఫైల్ ఫోల్డర్ వరుసలో ఓపెన్ ఫోల్డర్. కాపీకి ముందు ఫైల్ మెనూలో కాంపాక్ట్ ఫోల్డర్స్ నడపండి, డిలీట్ చేసిన మెయిల్స్ అప్పటిదాకా ఫైల్లోనే ఉండి బరువు పెంచుతాయి. థండర్‌బర్డ్ మూసి ఆ ఫోల్డర్‌లోనివన్నీ కాపీ చేయండి. కొత్తదాంట్లో థండర్‌బర్డ్ ఒకసారి తెరిచి, అదే దారిలో దాని ప్రొఫైల్ ఫోల్డర్ పట్టుకుని, మూసి, లోపలివి తీసేసి పాతవి వేయండి. ఖాతాలు, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, అడ్రస్ బుక్ అన్నీ వచ్చేస్తాయి. కొత్తవైపు వెర్షన్ పాతదానికి సమానంగా లేదా పైన ఉండాలి, తక్కువైతే ప్రొఫైల్ తెరవనని అంటుంది. టూల్స్‌లో ఎక్స్‌పోర్ట్ ఉంది కానీ 2 జీబీ దాటితే పనికిరాదు.

యాంటీవైరస్‌తో జాగ్రత్త. థండర్‌బర్డ్‌లో ఇన్‌బాక్స్ అంటే ఎక్స్‌టెన్షన్ లేని ఒకే ఫైల్, వేల మెయిల్స్ అందులోనే వరసగా ఉంటాయి. ఎప్పటిదో ఒక వైరస్ అటాచ్‌మెంట్ దొరికితే కొన్ని యాంటీవైరస్‌లు ఫైల్‌నంతా క్వారంటైన్‌లో పడేస్తాయి. కాపీ అయ్యాక ఇన్‌బాక్స్ ఖాళీగా కనిపిస్తే ముందు అక్కడే చూడండి. ఫోల్డర్‌లో మెయిల్స్ ఉండి జాబితా మాత్రం అడ్డదిడ్డంగా ఉంటే ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో రిపేర్ ఫోల్డర్ నొక్కండి.

ఆడిట్‌డెస్క్:

పీఎస్‌టీ ఎక్కింది. ఆర్కైవ్ ఇంకోటి కూడా డీ డ్రైవ్‌లో దొరికింది, 6 జీబీ. మొదటి పీఎస్‌టీ తెరుచుకుంది, సెంట్‌తో సహా కనిపిస్తోంది, కానీ సెండ్ రిసీవ్ కొడితే 0ఎక్స్8004010ఎఫ్ అని వస్తోంది. మెయిల్స్ అన్నీ వచ్చాయని ఎలా లెక్క చూసుకోవాలి?

తెల్లకాగితం:

ఆ ఎర్రర్ అంటే ఖాతా మెయిల్ వేయాల్సిన డేటా ఫైల్ దానికి దొరకడం లేదు. అకౌంట్ సెట్టింగ్స్‌లో ఖాతా మీద ఒక క్లిక్ చేసి కింద చేంజ్ ఫోల్డర్ నొక్కి, మీ పీఎస్‌టీలో ఇన్‌బాక్స్ చూపించండి. ఇప్పటికే అదే చూపిస్తున్నా మళ్లీ ఎంచుకుని ఓకే కొట్టండి. డేటా ఫైల్స్ ట్యాబ్‌లో ఆ పీఎస్‌టీనే డిఫాల్ట్ చేయండి. ఔట్‌లుక్ మూసి తెరవండి. తగ్గకపోతే పెన్‌డ్రైవ్‌లో ఉన్న కాపీని ఖాతాకి చూపించారేమో చూడండి, అది తీసేశాక దారి పోతుంది.

6 జీబీ ఆర్కైవ్‌కి ఖాతా అక్కర్లేదు. ఫైల్, ఓపెన్ అండ్ ఎక్స్‌పోర్ట్, ఓపెన్ ఔట్‌లుక్ డేటా ఫైల్. ఎడమవైపు ఇంకో చెట్టులా వస్తుంది, వెతకడానికి బానే ఉంటుంది.

లెక్క: ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, షో టోటల్ నంబర్ ఆఫ్ ఐటమ్స్. మామూలుగా పక్కన చూపించేది చదవని మెయిల్స్ సంఖ్య, అది పోల్చి లాభం లేదు. పాత, కొత్త సిస్టమ్‌లు పక్కపక్కన పెట్టుకుని ఇన్‌బాక్స్, సెంట్, క్లయింట్ల ఫోల్డర్లు ఒక్కొక్కటే పోల్చండి. ప్రతి ఏడాది నుంచి అటాచ్‌మెంట్ ఉన్న మెయిల్ ఒకటి తెరవండి. అటాచ్‌మెంట్ తెరుచుకోకపోతే ఔట్‌లుక్ మూసి, ప్రోగ్రామ్ ఫైల్స్, మైక్రోసాఫ్ట్ ఆఫీస్, రూట్, ఆఫీస్16లో ఉండే స్కాన్‌పీఎస్‌టీని (పీఎస్‌టీని బాగుచేసే టూల్) నడపండి. అది ముందు బ్యాకప్ తీసుకుంటుంది కాబట్టి డిస్కులో ఇంకో 18 జీబీ ఖాళీ ఉండాలి. 17 జీబీకి గంటలు పడుతుంది, రాత్రి పెట్టి వెళ్లండి. ఒక్కసారితో ఆపొద్దు, తప్పులేమీ లేవని చెప్పేదాకా మళ్లీ మళ్లీ నడపాలి. వెతుకులాటలో పాత మెయిల్స్ రాకపోతే కంగారు పడకండి, ఇండెక్స్ అవుతూ ఉంటుంది. సెర్చ్ టూల్స్‌లో ఇండెక్సింగ్ స్టేటస్ సున్నాకి వచ్చాక మళ్లీ వెతకండి.