సిస్టమ్ డైనమిక్స్ నేర్పేటప్పుడు ముందు సాఫ్ట్‌వేరా, కాగితమా?

సివిల్ లెక్చరర్: ఇంజినీరింగ్ పిల్లలకు ఈ సెమిస్టర్ సిస్టమ్ డైనమిక్స్ (నిల్వలు, వాటిలోకి వచ్చే, పోయే ప్రవాహాలు కాలంతో ఎలా మారతాయో మోడల్ చేసే పద్ధతి) చెప్పాలి. మొదటి క్లాసులోనే వెన్‌సిమ్ పీఎల్ఈ అనే మోడలింగ్ సాఫ్ట్‌వేర్ తెరిపిద్దామనుకుంటున్నాను. చదువుకోవడానికి ఉచితం, రన్ నొక్కగానే గ్రాఫ్ వస్తుంది. ముందు చేత్తో లెక్కలు చేయించాలని తోటి లెక్చరర్ పట్టుబడుతున్నారు. మీరేమంటారు?

గోదారి గట్టు: మీ తోటి లెక్చరర్ మాటే నాదీ. శ్రీశైలానికి ఇన్‌ఫ్లో 3 లక్షల క్యూసెక్కుల నుంచి 2 లక్షలకు తగ్గింది, అవుట్‌ఫ్లో లక్షన్నర దగ్గరే ఉంది అనుకుందాం. నీటిమట్టం ఏమవుతుందని అడగండి. తగ్గుతుందనేవాళ్లు బోలెడంతమంది ఉంటారు. వచ్చేది పోయేదానికంటే ఎక్కువ ఉన్నంతసేపు మట్టం పెరుగుతూనే ఉంటుంది కదా! బూత్ స్వీనీ, స్టెర్మన్ అనే పరిశోధకులు 2000లో ప్రచురించిన అధ్యయనంలో ఎంఐటీ విద్యార్థులు కూడా ఇలాంటి స్టాక్ (రిజర్వాయర్‌లో నీళ్లలా పోగయ్యే నిల్వ) గ్రాఫులు గీయడంలో చాలామంది తడబడ్డారు. ఇది అర్థం కాకుండా సాఫ్ట్‌వేర్ ఇస్తే, తెర మీద ఏ గీత వస్తే అదే నిజమనుకుంటారు.

మోడల్ పిచ్చి: ఒక్క స్టాక్ ఉన్నంతవరకు మీరన్నది నిజమేనండీ. మామూలు అంటువ్యాధి మోడల్‌లో మూడు స్టాకులుంటాయి: ఇంకా సోకనివాళ్లు, సోకినవాళ్లు, కోలుకున్నవాళ్లు. రోజురోజుకీ చేత్తో లెక్కేయమంటే పిల్లలు క్లాసు మానేస్తారు. మనుషుల మధ్య కాంటాక్టులు సగం చేసి మళ్లీ రన్ చేస్తే కేసుల శిఖరం ఎంత ఆలస్యంగా వస్తుందో, ఎంత పొట్టిగా అవుతుందో కళ్లముందే కనిపిస్తుంది. ఫీడ్‌బ్యాక్ (ఫలితమే తిరిగి తన కారణాన్ని మార్చడం) అంటే ఏమిటో నాకు అక్కడే ఒంటబట్టింది.

గోదారి గట్టు: చూడటం సరే, అనుమానించడం కూడా రావాలి కదండీ. టీ 80 డిగ్రీలు, గది 30, చల్లారే కాలం (టైమ్ కాన్‌స్టంట్) 10 నిమిషాలు, అంటే గదితో ఉన్న తేడాలో పదోవంతు చొప్పున నిమిషానికి తగ్గుతుంది. ఆయిలర్ పద్ధతిలో (అడుగు మొదట్లో ఉన్న వేగమే అడుగంతా ఉంటుందనుకుని లెక్కేయడం) టైమ్ స్టెప్, అంటే ఒక్కో అడుగు, 15 నిమిషాలు పెట్టి రన్ చేయండి. మొదటి అడుగులోనే టీ 5 డిగ్రీలకు పడిపోతుంది, గది కంటే చల్లగా! నిమిషానికి 5 డిగ్రీల చొప్పున 15 నిమిషాలు తీసేసింది మరి. సాఫ్ట్‌వేర్ దాన్ని తప్పనదు. చేత్తో రెండడుగులు వేసినవాడు వెంటనే పట్టుకుంటాడు.

మోడల్ పిచ్చి: ఈ టీ లెక్క నేనూ వాడుకుంటాను. అయినా సాఫ్ట్‌వేర్‌ని నెలల తరబడి ఆపొద్దనే నా మాట. రన్ నొక్కే ముందు గ్రాఫ్ ఎలా వస్తుందో పెన్సిల్‌తో గీయమనండి, చాలు.

సివిల్ లెక్చరర్: అలాగే చేస్తాను. మరి ఆ పెన్సిల్ గీత తప్పయితే మార్కులు కోయాలా?

గోదారి గట్టు: వద్దండీ. తను గీసినదానికీ, తెర మీద వచ్చినదానికీ తేడా ఎందుకొచ్చిందో రెండు వాక్యాల్లో రాయమనండి. మార్కులు వాటికివ్వండి.