భైరవకోన గుహలకు సాయంత్రం ఎన్నింటికి ఎక్కాలి?

ఉలవపాడు_మామిడి: మే నెలలో నెల్లూరు నుంచి ఉదయగిరి, సీతారాంపురం మీదుగా భైరవకోన వెళ్దామని. నలుగురం, ఒకడు పదేళ్ల పిల్లాడు. ఎండ తగ్గాక ఐదింటికి దిగితే గుహలన్నీ అవుతాయా? ఫోన్ లైటు చాలుద్దా?

మెట్టదారి: ఐదంటే ఆలస్యం. ఎనిమిది గుహల్లో ఏడు తూర్పు ముఖం, ఒకటి ఉత్తరం. మేలో పొద్దు గుంకేది 6:35 ప్రాంతంలోనే అయినా, ఎండ అంతకు చాలా ముందే కొండ వెనక్కి పోద్ది. రాతిని తొలిచిన గుళ్లు, వెలుతురు వాకిట్లోంచి రావాల్సిందే. నాలుగింటికల్లా అక్కడుండండి. ద్వారపాలకుల మీద లైటు ఎదురుగా కొడితే బొమ్మ చదునైపోద్ది. పక్కనుంచి ఏటవాలుగా పట్టండి, ఉలి గాట్లు కూడా తేలతాయి.

కనిగిరి_కంప: ఫోన్ లైటు నమ్ముకోవద్దు. దిగేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. తలకు కట్టుకునే లైటు మనిషికొకటి తెచ్చుకోండి. నీళ్లు తలా లీటరున్నర. రాయి పగలంతా కాగి ఉంటది, సందెవేళ కూడా సెగ కొడతది. గుడి దగ్గర చెప్పులు విడవాలి కాబట్టి లేసుల బూట్ల కంటే మడమ పట్టీ ఉన్న మందపాటి శాండిల్స్ నయం. హవాయి చెప్పులైతే తుమ్మముల్లు అడుగు నుంచి దిగబడతది. రక్తపింజర, కట్లపాము తిరిగే వేళ అది, రాళ్ల సందులో చెయ్యి పెట్టేముందు లైటు వెయ్యండి. కరిస్తే గుడ్డతో బిగించి కట్టడాలు, గాటు పెట్టడాలు వద్దు. నడిపించకుండా మోసుకుని సర్కారాసుపత్రికి తీసుకెళ్లండి, విరుగుడు ఇంజక్షనే మందు.

వాగుపక్క: పై ఇద్దరూ వదిలేసింది నీళ్ల సంగతి. అక్కడ జలపాతం ఉంది. మేలో ధార సన్నగిల్లినా అడుగున బండలకు పాచి ఉంటే కాలు నిలవదు, పిల్లాణ్ణి చెయ్యి వదలొద్దు. ఇక్కడ చినుకు లేకపోయినా ఎగువన గాలివాన పడితే వాగు వచ్చేస్తది. నీళ్లు ఎర్రబడ్డా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా మొహం కడుక్కునేది ఆపి ఒడ్డెక్కండి. రాతి చరియకు తేనెపట్టు కనబడితే కింద పొగ, కేకలు వద్దు.

ఉలవపాడు_మామిడి: అట్నే అన్నా, నెల్లూర్లో పన్నెండుకి బండి తీస్తాం. కార్తీక పౌర్ణమికైతే ఇంకా బాగుంటదా?

మెట్టదారి: పున్నమి చంద్రుడు పొద్దు గుంకేవేళకే తూర్పున లేస్తాడు, వెన్నెల నేరుగా గుహల మొహాన పడతది. కానీ జనం విపరీతం. ఆ రోజు శిల్పాలు చూడలేరు, వెన్నెలే చూస్తారు.