‘మోసపుచ్చుకొనకుండ’: యాకోబు 1:22లోని ‘కొను’ గురించి

విశాఖపట్నంలోని తమ క్రైస్తవ సంఘ యువజనుల కూడికకు బైబిలులోని యాకోబు పత్రిక (అంటే లేఖ) 1:22ను నేటి తెలుగులోకి మార్చి, ‘మాటలు కాదు, చేతలు కావాలి’ అని బ్యానరు రాయించవచ్చునా అని ఒక సభ్యురాలు అడిగారు. నినాదంగా అది బాగానే ఉంది గాని, ఆ వచనం చెప్పే సంగతి అది కాదని నా అభిప్రాయం.

వాడుకలో ఉన్న తెలుగు బైబిలులో ఆ వచనం ఇలా ఉంటుంది: ‘మీరు వినువారు మాత్రమైయుండి మిమ్మును మీరు మోసపుచ్చుకొనకుండ, వాక్యప్రకారము ప్రవర్తించువారునై యుండుడి.’ ఇక్కడ మాట్లాడేవారి ప్రసక్తే లేదు. ‘మాటలు కోటలు దాటుతాయి, కాళ్లు గడప దాటవు’ అన్న సామెత దీనికి సరిపోతుందని ఆమె ప్రశ్నకు జవాబుగా ఒకరు రాశారు. ఆ సామెత ఎగతాళి చేసేది గొప్పలు చెప్పేవాణ్ణి. యాకోబు పట్టుకున్నది ముందు వరుసలో కూర్చుని తలాడిస్తూ వినేవాణ్ణి. ఈ వచనాన్ని మనం బోధకుల మీద ప్రయోగించడానికి అలవాటు పడ్డాం గనుక ఈ తేడా అంతగా కంటబడదు. పైగా ‘ప్రవర్తించువారునై’ అనడంలోని ‘ను’ సముచ్చయార్థకం, అంటే వినండి, దానితో పాటు చేయండి కూడా అని. వినడాన్ని తీసిపారేసి చేతకు పీట వేయమని యాకోబు అనలేదు, ‘మాటలు కాదు’ అన్న నినాదం మాత్రం ఆ పనే చేస్తుంది.

అసలు బలమంతా ‘మోసపుచ్చుకొను’ అన్న క్రియలో ఉంది. ‘మోసపోకుండ’ అని ఉంటే మోసగాడు మరెవడో అనుకునే వీలుండేది. ‘పుచ్చు’కు ‘కొను’ చేరేసరికి మోసం చేసినవాడూ, మోసపోయినవాడూ ఒక్కడే అయ్యాడు. గ్రీకు మూలంలోని క్రియకు తప్పుగా లెక్క కట్టడమనే అర్థం కూడా ఉంది, అంటే విన్నదాన్నే చేసినదాని కింద జమ కట్టుకోవడమన్నమాట. ఆ తరువాతి రెండు వచనాల్లో అద్దంలో ముఖం ‘చూచుకొని’ అవతలికి పోయి, తానెట్టివాడో మరచిపోయేవాడు కూడా ఈ ‘కొను’ మనిషే.

రెండవ అధ్యాయం 16వ వచనంలో ఇదే ‘కొను’ మరింత చేదుగా వినిపిస్తుంది. ఒంటి మీద బట్ట లేనివాడితో, ఆనాటికి తిండి లేనివాడితో ‘సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి’ అంటే ఏమి ప్రయోజనమని అక్కడ ప్రశ్న. (ఈ ‘సమాధానము’ జవాబు కాదు, శాంతి; సంఘం బయటివారు ఇక్కడ తరచు తడబడతారు.) చలి కాచుకొమ్మనడంలో దయ ధ్వనిస్తుంది గాని, కాచుకొనే భారమంతా ఏమీ లేనివాడి మీదే పడింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా విశాఖపట్నాన్ని తాకిన తరువాత, కరెంటూ నీళ్లూ లేని ఆ రోజుల్లో, మా వీధిలో రేకులు ఎగిరిపోయిన ఒక ముసలమ్మ ఇంటికి చాలామంది వచ్చి ‘దేవుడు చూసుకుంటాడమ్మా’ అని ఓదార్చి వెళ్లారు. అది అబద్ధపు మాటేమీ కాదు. అయితే టార్పాలిన్ పట్టా తెచ్చి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, దూలానికి తాడు బిగించినది పక్కింటి ఆటో నడిపే అబ్బాయి. ‘చూసుకుంటాడు’ అన్న క్రియకు కర్తగా దేవుణ్ణి పెట్టి మనం తప్పుకున్నప్పుడు, యాకోబు అడిగిన ఆ ‘ఏమి ప్రయోజనము’ మనకే తగులుతుంది.

ఇంత సూక్ష్మంగా చూడాలా అని ఎవరైనా అడగవచ్చు. 1805లో ఈ ఊరికి వచ్చిన లండన్ మిషనరీ సొసైటీ వారు క్రాన్, డెగ్రాంజ్ ఇక్కడే తెలుగు నేర్చి, క్రైస్తవుడైన ఆనందరాయరు తోడ్పాటుతో సువార్తల అనువాదానికి పూనుకున్నారు. వాటిలో మూడు 1812లో బెంగాలులోని శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. నేటి పాఠం ఆ తరువాత ఎన్నో సవరణల మీదుగా వచ్చినదే అయినా, అంత శ్రమ పడిన పాఠంలోని ప్రత్యయాలను ఒక నినాదం కోసం రాల్చివేయడం నాకు ఇష్టం లేదు.

బ్యానరుకు నా సూచన ఇది: ‘విని ఊరుకుని మిమ్మల్ని మీరు మోసం చేసుకోకండి, విన్నదాని ప్రకారం నడుచుకోండి కూడా.’ ‘ప్రవర్తించండి’ కంటే ‘నడుచుకోండి’ ఇంట్లో పెద్దలు అనే మాట, పైగా ‘కొను’ అందులోనూ ఉంది. నినాదం కంటే పొడవే గనుక రెండు వరుసల్లో రాయించాలి. ‘కూడా’ను మాత్రం స్థలం చాలలేదని తీసివేయనివ్వకండి.