పెరట్లో పాదుల పందిరికి హెచ్ఓఏ నోటీసు: టెక్సస్‌లో ఏం చేయొచ్చు?

కొత్తపెరడు:
డల్లాస్ దగ్గర సబ్‌డివిజన్‌లో ఇల్లు. వెనక ఫెన్స్ 6 అడుగులు. దాన్ని ఆనుకుని సొర, బీర పాదులకు 8 అడుగుల పందిరి, సైడ్ యార్డ్‌లో కంపోస్ట్ డబ్బా, గట్టర్ కింద 55 గ్యాలన్ల వాననీటి డ్రమ్ము ఉన్నాయి. ఈ మూడూ అనుమతి లేని కట్టడాలని, తీసేయకపోతే ఫైన్ వేస్తామని హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నుంచి సర్టిఫైడ్ మెయిల్‌లో లెటర్ వచ్చింది. పోస్ట్ చేసి 12 రోజులైంది. ఫైన్ ఎంతో అందులో లేదు. అప్లికేషన్ పెట్టకుండా కట్టిన మాట నిజమే. కానీ వెనక వీధిలో రెండిళ్లలో ఇంతకంటే ఎత్తు పర్గోలాలు (పైన దూలాలుండే పందిళ్లు) ఉన్నాయి. పాదులు ఇప్పుడే పూత మీదున్నాయి. కనీసం కాపు అయ్యేదాకా పందిరి నిలబెట్టుకునే దారి ఉందా?

గడువుచూడు:
ముందు హియరింగ్ (హెచ్ఓఏ బోర్డు ముందు మీ మాట చెప్పుకునే విచారణ) అడగండి, మిగతావన్నీ తర్వాత. టెక్సస్ ప్రాపర్టీ కోడ్ (ఆస్తుల చట్టం, కింద వచ్చే 202, 209 నంబర్లన్నీ అందులోని సెక్షన్లే) 209.006 ప్రకారం ఫైన్ వేసే ముందు హెచ్ఓఏ రాతపూర్వకంగా నోటీసు పంపాలి. ఏ నియమం తప్పారో, సరిదిద్దుకోవడానికి ఎప్పటిదాకా సమయం ఉందో, హియరింగ్ అడిగే హక్కు ఉందని కూడా అందులో రాయాలి. ఇదే విషయం మీద గత 6 నెలల్లో ఒకసారి నోటీసిచ్చి అవకాశం కల్పించి ఉంటే మాత్రం మళ్లీ గడువివ్వక్కర్లేదు.

మీరు హియరింగ్ అడగడానికి గడువు నోటీసు పోస్ట్ చేసిన రోజు నుంచి 30 రోజులు. లెటర్ మీ చేతికి అందిన రోజు నుంచి కాదు, చాలామంది పొరపడేది ఇక్కడే. ఆ కవరు పారేయకండి, దాని మీది ముద్రే తేదీకి సాక్ష్యం. మీకింకా 18 రోజులున్నా ఈ వారమే సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి, అదే కాపీని హెచ్ఓఏ ఆన్‌లైన్ పోర్టల్‌లోనూ పెట్టండి. నాలుగు వాక్యాలు చాలు: ఇంటి అడ్రస్, నోటీసు తేదీ, "209.007 కింద బోర్డు ముందు హియరింగ్ కోరుతున్నాను", సంతకం. ఆ లెటర్‌లో వాదన పెట్టొద్దు, తప్పు ఒప్పుకోవద్దు.

అది అందిన 30 రోజుల్లోపు బోర్డు హియరింగ్ పెట్టాలి. తేదీ, చోటు కనీసం 10 రోజుల ముందు తెలపాలి. వాళ్లు అక్కడ చూపించబోయే ఫొటోలు, కాగితాలు, ఈమెయిళ్లు కూడా హియరింగ్‌కి 10 రోజుల ముందే మీకివ్వాలి. ఇవ్వకపోతే 15 రోజుల వాయిదా మీ హక్కు. ఇవన్నీ కలిపితే కాపు కాలం చాలావరకు గడిచిపోతుంది. మీరడిగిన దారి మొదట ఇదే.

ఇక మూడు వస్తువుల్నీ ఒకే గాటన కట్టనివ్వకండి. డ్రమ్ముకీ కంపోస్ట్‌కీ 202.007 అండగా ఉంది. వాననీటి డ్రమ్ముల్ని, ఆకులూ గడ్డీ కంపోస్ట్ చేయడాన్ని హెచ్ఓఏ పూర్తిగా నిషేధించడానికి వీల్లేదు. వీధికో పక్కింటికో కనిపిస్తే సైజు, రకం, చాటు విషయంలో షరతులు పెట్టగలదు. డ్రమ్ము ఇంటి ముందు భాగానికీ వీధికీ మధ్యన ఉన్నా, ఇంటి రంగుతో కలవకపోయినా కాదనగలదు. కాబట్టి నీలం ప్లాస్టిక్ డ్రమ్మైతే ఇంటి రంగే వేసేయండి, ఆ గొడవ అంతటితో పోతుంది. కంపోస్ట్‌లో వండిన అన్నం, కూరలు వేయకండి. చట్టం చెప్పింది మొక్కల వ్యర్థాల గురించే, వాసనొస్తే న్యూసెన్స్ క్లాజు కింద మళ్లీ లెటరొస్తుంది.

పందిరికి అలాంటి రక్ష ఏదీ లేదు. అక్కడ మీ డీడ్ రిస్ట్రిక్షన్స్‌లో (మీ స్థలానికి వర్తించేలా రాసిపెట్టిన నియమాలు) 'స్ట్రక్చర్' అన్న మాటకు ఏం నిర్వచనం రాశారన్నదే కీలకం. కౌంటీ క్లర్క్ రికార్డుల్లో మీ సబ్‌డివిజన్ పేరుతో వెతికి, రికార్డయిన ప్రతే చదవండి. ఎత్తు పరిమితి ఏదైనా రికార్డు చేయని గైడ్‌లైన్స్ పీడీఎఫ్‌లో మాత్రమే ఉంటే, 202.006 ప్రకారం అది మీ మీద చెల్లదు.

పాదులపందిరి:
పై సలహా సరైనదే. కాకపోతే గెలిచే వాదన వెతకడం కంటే, పందిరి ఫెన్స్ మీదుగా కనిపించకుండా చేయడం తేలిక. ఇలాంటి ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం కనిపించడం దగ్గరే మొదలవుతాయి.

ఫీడ్ స్టోర్లలో (పశువుల దాణా కొట్లు) దొరికే క్యాటిల్ ప్యానెల్ (గట్టి ఇనుప కమ్మీల జాలీ) 16 అడుగుల పొడవు, 50 అంగుళాల వెడల్పు ఉంటుంది. దాన్ని విల్లులా వంచినప్పుడు రెండు కాళ్ల మధ్య 6 అడుగులే వదిలితే నడినెత్తి దాదాపు 7 అడుగులకు పోతుంది. 9 అడుగులు వదిలితే ఐదున్నర దగ్గర ఆగుతుంది, ఆకులు ఇంకో అరడుగు లేచినా ఫెన్స్ దాటదు. ఒక్కో కాలికి రెండు టీ-పోస్టులు (ఇనుప గుంజలు), భూమిలోకి 2 అడుగులు. నాలుగైదు సొరకాయలు ఒకేసారి దిగితే బరువుకి ప్యానెల్ మధ్యలో కుంగుతుంది, నడుమ అడ్డంగా ఒక పైపు కట్టండి.

పోస్టులు దించే ముందు 811కి (భూమిలో పైపులు, తీగలు ఎక్కడున్నాయో గుర్తించే సేవ) ఫోన్ చేయండి, కనీసం 48 గంటల ముందు. వెనక ఫెన్స్ వెంట తరచూ యుటిలిటీ ఈజ్‌మెంట్ (కరెంటు, గ్యాస్ లాంటి కంపెనీలకు వాడుకునే హక్కున్న స్థలం) ఉంటుంది. ఇల్లు కొన్నప్పుడు ఇచ్చిన సర్వేలో చుక్కల గీతగా కనిపించేది అదే. అందులో కాంక్రీటు పోసి స్తంభాలు పాతితే హెచ్ఓఏ ఒప్పుకున్నా ఆ కంపెనీ వాళ్లు పీకేయొచ్చు. రెండిళ్ల మధ్య నీళ్లు పారడానికి వదిలిన పల్లంలో మడులు కట్టకండి. నీళ్లు పక్కింట్లోకి మళ్లాయంటే అది హెచ్ఓఏ గొడవగా ఆగదు, వాటర్ కోడ్ 11.086 కింద పక్కింటివాళ్లు నేరుగా మీ మీదే కేసు వేయగలరు.

ఇది చేస్తూనే ఆర్కిటెక్చరల్ కమిటీకి (కట్టడాలకు అనుమతిచ్చే హెచ్ఓఏ కమిటీ) అప్లికేషన్ పెట్టండి. సర్వే కాపీ మీద పందిరి స్థానం, ప్రతి ఫెన్స్ నుంచీ దూరం, నేల నుంచి ఎత్తు, మెటీరియల్, రంగు రాయండి. వీధిలో నిలబడి కంటి ఎత్తు నుంచి తీసిన ఫొటోలు జతచేయండి. పర్గోలా, షేడ్ లాంటి మాటలు వాడితే వాళ్లు శాశ్వత కట్టడాల కింద చూస్తారు. 'సీజన్ అయ్యాక విప్పేసే మొక్కల ఆధారం' అని, విప్పే నెలతో సహా రాయండి. తిరస్కరిస్తే ఎందుకో, ఏం మారిస్తే ఒప్పుకుంటారో రాతపూర్వకంగా చెప్పాలి. 40 లాట్లు దాటిన సబ్‌డివిజన్లలో బోర్డు సభ్యులు గానీ, వాళ్ల భార్యాభర్తలు గానీ ఆ కమిటీలో ఉండకూడదు. ఎవరెవరున్నారో చూసుకోండి.

గమనిక: ఫ్లోరిడా, కాలిఫోర్నియా చట్టాలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. ఫ్లోరిడాలో బయటికి కనిపించని కూరగాయల తోటల్ని 2024 నుంచి హెచ్ఓఏ ఆపడానికి వీల్లేదు, కాలిఫోర్నియాలో పెరటి సాగుకు రక్షణగా సివిల్ కోడ్ 4750 ఉంది. టెక్సస్ హియరింగ్‌లో అవి చూపిస్తే లాభం లేదు.

కొత్తపెరడు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. మరి ఆ పర్గోలాల సంగతి? ఇది తేలేదాకా డ్యూస్ (హెచ్ఓఏకి క్రమంగా కట్టే రుసుము) కట్టడం ఆపితే వాళ్లే దిగొస్తారని కొందరంటున్నారు.

గడువుచూడు:
డ్యూస్ ఆపొద్దు, ఎవరన్నా సరే. కేవలం ఫైన్ల బాకీ మీద హెచ్ఓఏ ఇంటిని ఫోర్‌క్లోజ్ చేయడానికి (బాకీ కింద స్వాధీనం చేసుకుని అమ్మడానికి) వీల్లేదు (209.009). డ్యూస్ బాకీ మీద చేయగలదు. మీకున్న రక్షణని మీ చేతులతో వదులుకున్నట్టవుతుంది. బాకీ పడ్డాక మీరు కట్టే డబ్బు ముందు డ్యూస్‌కి, ఆ తర్వాత లాయర్ ఖర్చులకి, వాటి తర్వాతే ఫైన్లకి జమ కావాలి (209.0063). స్టేట్‌మెంట్‌లో ఆ వరస తారుమారైతే వెంటనే రాసి అడగండి.

ఫైన్ ఎంతో లెటర్‌లో లేదన్నారు. ఫైన్లు వేసే అధికారమున్న హెచ్ఓఏ 2024 నుంచి ఫైన్ల పట్టికతో సహా ఒక పాలసీ పెట్టుకుని తీరాలి (209.0061). అది అడగండి.

పర్గోలాల పోలిక జాగ్రత్తగా వాడాలి. వాళ్లు అనుమతి తీసుకుని కట్టి ఉంటే ఆ వాదన మీకే ఎదురు తిరుగుతుంది. 209.005 కింద సర్టిఫైడ్ మెయిల్‌లో రికార్డులు అడిగితే 10 పనిదినాల్లో స్పందించాలి, వీలుకాకపోతే ఆ సంగతి రాసి మరో 15 పనిదినాలు తీసుకోవచ్చు. మీటింగ్ మినిట్స్, కమిటీ గైడ్‌లైన్స్ అడగండి. ఫలానా ఇంటి ఉల్లంఘనల చరిత్ర మాత్రం ఇవ్వనక్కర్లేదు. బోర్డు నిర్ణయం సబబేనని కోర్టు ముందుగా అనుకుంటుంది, ఏకపక్షమనో వివక్ష అనో చూపించాల్సింది మీరే. అందుకు రెండు పర్గోలాలు చాలవు. అనుమతి లేకుండా కట్టినవై ఉండాలి, బోర్డుకి తెలిసీ ఊరుకుని ఉండాలి. వీధిలోంచి తేదీతో ఫొటోలు తీసి పెట్టుకోండి.

209వ చాప్టర్ నియమాలు వాళ్లు తప్పితే జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టుకే (చిన్న కేసులు చూసే స్థానిక కోర్టు) వెళ్లొచ్చు, పెద్ద కోర్టు ఖర్చు అక్కర్లేదు. డీడ్ రిస్ట్రిక్షన్ మీద వాళ్లే కేసు వేస్తే లెక్క వేరు. వాళ్లు గెలిస్తే వాళ్ల లాయర్ ఫీజు మీ నెత్తిన పడుతుంది, పైగా కోర్టు రోజుకు 200 డాలర్ల దాకా డ్యామేజీ వేయగలదు. అందుకే పాదులపందిరి గారు చెప్పినట్టు హియరింగ్ తేదీలోపే ఎత్తు తగ్గించండి. తగ్గించాక వీధిలోంచి ఫొటో తీసి, ఆ ప్రింటు బోర్డులో ఒక్కొక్కరికీ ఒక్కోటి పట్టుకెళ్లండి.