చలానాలో నంబర్ సరిగ్గానే ఉంది, డబ్బు ఇంకెవరి ఖాతాలోనో పడింది. ఏం చెయ్యాలి?

అందరికీ నమస్కారం. మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. అనంతపురంలో మా అత్తగారి కంటి ఆపరేషన్‌కని ఇక్కడి బ్రాంచిలో చలానా రాసిచ్చి నెఫ్ట్‌లో 85,000 రూపాయలు పంపాను. నా ఖాతాలో కట్ అయింది, ఆవిడకి మాత్రం చేరలేదు. యూటీఆర్ నంబర్ (ఆ బదిలీకి బ్యాంకిచ్చే గుర్తింపు సంఖ్య) పట్టుకుని గట్టిగా అడిగితే అప్పుడు తేలింది: కౌంటర్లో ఉన్నాయన ఖాతా నంబర్ చివర 68కి బదులు 86 కొట్టాడు. సీలు వేసిచ్చిన కౌంటర్‌ఫాయిల్‌లో 68 అనే ఉంది.

నెఫ్ట్‌లో పేరు చూడరు, నంబర్ చూసే జమ చేస్తారని తెలుసు. కానీ ఆ నంబర్ కొట్టింది వాళ్లే కదా! మేనేజరు "అవతలి ఖాతాదారు ఒప్పుకుంటేనే వెనక్కొస్తుంది, కావాలంటే పోలీసు కంప్లైంట్ ఇచ్చుకోండి" అంటాడు. ఆ మాటే కాగితం మీద రాసివ్వమంటే నవ్వి ఊరుకుంటాడు. అవతలి బ్యాంకేమో మీ బ్యాంకు నుంచి లెటర్ రావాలంటుంది. మధ్యలో ఆపరేషన్‌కి అప్పు చేయాల్సొచ్చింది.

రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకున్నాను. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి సీఎంఎస్ పోర్టల్‌లో (ఆర్‌బీఐ ఫిర్యాదుల వెబ్‌సైట్) పెడతాను. ఇలాంటిది గెలిచినవాళ్లు ఎవరైనా ఉన్నారా? తప్పు బ్యాంకుదైతే ముందు నా డబ్బు నాకిచ్చి, అవతలివాళ్లతో వాళ్లే తేల్చుకోవాలని అడగొచ్చా? నెఫ్ట్ ఆలస్యమైతే రెపో రేటుకు (బ్యాంకులకిచ్చే అప్పు మీద ఆర్‌బీఐ తీసుకునే వడ్డీ రేటు) 2 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలంటారే, అది ఇలా వేరే ఖాతాలో పడ్డప్పుడు కూడా వర్తిస్తుందా? కౌంటర్‌ఫాయిల్, స్టేట్‌మెంట్ కాక ఇంకేం జతచేయాలి?