వైస్ ప్రిన్సిపల్‌ని. మా స్కూల్ సార్‌నే పెళ్లి చేసుకుంటున్నానని రిజైన్ చేయమంటున్నారు, ఏం చేయాలి?

వీపీ_మేడం

నమస్తే అండీ. ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఒక ప్రైవేట్ సీబీఎస్ఈ స్కూల్లో వైస్ ప్రిన్సిపల్‌గా చేస్తున్నా. పేరుకే వైస్ ప్రిన్సిపల్. టైమ్‌టేబుల్, అడ్మిషన్ల టార్గెట్, ఫీజు బాకీ ఉన్న పేరెంట్స్‌కి ఫోన్లు, బస్సు రాకపోతే డ్రైవర్‌తో గొడవ, అన్నీ నా నెత్తినే. చేరి ఆరేళ్లు దాటింది.

మా స్కూల్లోనే ఫిజిక్స్ చెప్పే సార్, నేను ఇష్టపడ్డాం. నాకు ముందు పెళ్లయి విడాకులయ్యాయి, ఆయనకిదే మొదటిది, కులాలు కూడా వేరు, కాబట్టి రెండిళ్లలో ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి శ్రావణంలో ముహూర్తం పెట్టుకున్నాం. ఈలోపు మేమిద్దరం సూర్యాపేటలో టిఫిన్ చేస్తుంటే ఎవరో ఫోటో తీసి పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. మర్నాడు పొద్దున్నే కరస్పాండెంట్ గారు పిలిచి, పిల్లల మీద ప్రభావం పడుతుందమ్మా, స్కూల్ పేరు పోతుంది, నువ్వే రిజైన్ చేసి వెళ్లిపో, అందరికీ గౌరవంగా ఉంటుంది అన్నారు. సార్‌ని మాత్రం ఒక్క మాట అనలేదు. టెన్త్ రిజల్ట్స్ ఆయన చేతిలో ఉన్నాయి కదా మరి.

సంతకం పెట్టనన్నాను. దాంతో మెమో ఇచ్చారు. ఒకటి అనుచిత ప్రవర్తన అట. రెండోది, ఆయనకు మిగతావాళ్ల కంటే ఎక్కువ ఇంక్రిమెంట్ ఇప్పించానట. అప్రైజల్ షీటు మీద నా సంతకం ఉన్న మాట నిజమే, కానీ స్టాఫ్ అందరి షీట్ల మీదా నా సంతకమే ఉంటుంది, ఎవరికెంత పెంచాలో రాసేది కరస్పాండెంట్ గారే. ఈ నెల జీతం ఆపేశారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చేరినప్పుడే తీసుకున్నారు, అవీ వాళ్ల దగ్గరే. లేబర్ కోర్టుకి వెళ్లొచ్చా? హైకోర్టుకా? లేక పరువు దక్కితే చాలని వదిలేయమంటారా?

మాజీ_ఏఓ

మేడం, నేను ఒక కార్పొరేట్ స్కూల్లో ఏఓగా (అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్) చేసి బయటికొచ్చాను, ఈ నాటకం ఆ పక్క నుంచి చూసినవాణ్ని. రిజిగ్నేషన్ ఎందుకు అడుగుతారంటే, తీసేస్తే వాళ్లు కారణం చూపించాలి, ఎంక్వైరీ పెట్టాలి, మీరే రాసిస్తే వాళ్లకు ఏ తలనొప్పీ లేదు. రేపు ఎవరైనా అడిగితే పర్సనల్ రీజన్స్ అని మీ చేతిరాతే చూపిస్తారు. తెల్ల కాగితం మీద సంతకం అడిగినా పెట్టకండి, రిలీవింగ్ లెటర్ రెడీగా ఉంది ఇక్కడ ఒక్క సంతకం అన్నా పెట్టకండి.

రోజూ స్కూల్‌కి వెళ్లండి, అటెండెన్స్ వేయండి. బయోమెట్రిక్‌లో మీ పేరు తీసేస్తే ఆ స్క్రీన్ ఫోటో తీసి, అదే రోజు డ్యూటీకి వచ్చాను, హాజరు వేయనివ్వలేదు అని మెయిల్ పెట్టండి. చాలామంది అవమానంతో ఇంట్లో కూర్చుంటారు, పది రోజులయ్యాక చెప్పకుండా మానేసిందని వీళ్లు రాసుకుంటారు. నేనే అలాంటి లెటర్లు టైప్ చేయించాను, అందుకే చెప్తున్నా.

ఒరిజినల్స్ ఆపే హక్కు ఏ మేనేజ్‌మెంట్‌కీ లేదు. ఇమ్మని ముందు రాతపూర్వకంగా అడగండి. అడిగినట్టు కాగితం లేకపోతే రేపు మీరెప్పుడూ అడగలేదంటారు.

అడ్వకేట్_వరంగల్

లేబర్ కోర్టు సంగతి ముందు చెప్తాను. టీచర్లు అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద కార్మికులు కారని సుప్రీంకోర్టు 1988లోనే గోవా స్కూల్ టీచర్ సుందరాంబాళ్ కేసులో తేల్చేసింది. మీరు టీచర్ మాత్రమే కాదు, పైన అజమాయిషీ చేసే పోస్టు, కాబట్టి ఆ దారి ఇంకా కష్టం.

మీకు పనికొచ్చేది 1982 విద్యా చట్టం. ఆంధ్రప్రదేశ్ చట్టంగా వచ్చింది, విభజన తర్వాత తెలంగాణలోనూ నడుస్తోంది. అందులో 79వ సెక్షన్ ప్రకారం ప్రైవేట్ విద్యాసంస్థలో పనిచేసేవాళ్లను తీసేయాలన్నా, హోదా తగ్గించాలన్నా ఆరోపణలు ఏంటో చెప్పి, విచారణ జరిపి, సమాధానం చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. సస్పెన్షన్ కూడా మామూలుగా రెండు నెలలు దాటకూడదు. డీఈఓ (జిల్లా విద్యాశాఖాధికారి) ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు వాళ్లు వేసే ఇన్‌వర్డ్ నంబర్ తీసుకోండి.

హైకోర్టు విషయంలో ఎవరైనా గ్యారంటీగా గెలుస్తామంటే నమ్మకండి. ప్రైవేట్ స్కూల్ మీద రిట్ (హైకోర్టులో నేరుగా వేసే పిటిషన్) నడవదని మేనేజ్‌మెంట్ వాదిస్తుంది, 2022లో సెయింట్ మేరీస్ ఎడ్యుకేషన్ సొసైటీ కేసు చూపిస్తుంది. ప్రభుత్వ ఎయిడ్ లేని స్కూల్లో సర్వీస్ గొడవలకు చట్టం అండ లేకపోతే రిట్ కుదరదని అందులో సుప్రీంకోర్టు అంది. కానీ అంతకుముందు 2019లో మార్వాడీ బాలికా విద్యాలయ కేసులో, చట్టప్రకారం తీసుకోవాల్సిన అనుమతి లేకుండా టీచర్‌ని తీసేస్తే ప్రైవేట్ స్కూల్ మీద కూడా రిట్ వేయొచ్చని ఇదే కోర్టు చెప్పింది. అందుకే మీ కేసు ప్రేమ మీద కాదు, 79వ సెక్షన్ మీద నిలబడాలి. విచారణ సరిగ్గా జరిగిందా లేదా అన్నదే మీ బలం.

రిటైర్డ్_హెచ్ఎం

అమ్మా, అందరూ నిన్ను సమర్థిస్తున్నారు, నేను కొంచెం చేదుగా మాట్లాడతాను. పెళ్లి నీ ఇష్టం, అందులో తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ రెండో ఆరోపణని అందరూ తేలిగ్గా దాటేస్తున్నారు. కాబోయే భర్త అప్రైజల్ షీటు మీద సంతకం పెట్టేటప్పుడు, ఈయన విషయం వేరేవాళ్లు చూడండి అని ఒక్క లైను రాసి కరస్పాండెంట్‌కి ఇస్తే ఈ రోజు ఆ మెమోలో పస ఉండేది కాదు. స్టాఫ్ రూమ్‌లో మిగతా టీచర్లు ఏమనుకుంటారో ఆలోచించు. ఎవరికి సబ్‌స్టిట్యూషన్ పీరియడ్ పడింది, ఎవరికి ఎగ్జామ్ డ్యూటీ తప్పింది, ఇవన్నీ నీ చేతిలోనే ఉంటాయి. నువ్వు న్యాయంగానే చేసి ఉండొచ్చు, కానీ చూసేవాళ్లకి అలా కనబడదు.

చదివి_ఊరుకోలేక

హెచ్ఎం గారూ, మీరన్నది న్యాయమే అనుకుందాం, అలాంటప్పుడు ఇంక్రిమెంట్ తీసుకున్న ఆయనకు మెమో ఎందుకు రాలేదు? ఇంక్రిమెంట్ రాసిన కరస్పాండెంట్‌ని ఎవరు అడగాలి? విడాకులైన ఆడది కులం దాటి పెళ్లి చేసుకుంటోంది, అసలు మంట అక్కడుంది, అప్రైజల్ షీటు ఆ తర్వాత వెతికి తీసిందే.

2017లో కశ్మీర్‌లోని పాంపోర్‌లో ఒక ప్రైవేట్ స్కూల్ అక్కడే పనిచేసే ఇద్దరు టీచర్లను వాళ్ల పెళ్లి రోజునే తీసేసింది. పెళ్లికి ముందు ప్రేమించుకున్నారు, పిల్లలు చెడిపోతారు అన్నారు. మాది పెద్దలు కుదిర్చిన పెళ్లి మొర్రో అని వాళ్లు చెప్పుకున్నారు, నిశ్చితార్థం అయ్యాక స్టాఫ్‌కి పార్టీ కూడా ఇచ్చారు, అయినా వినలేదు. చెప్పుకునే ఛాన్స్ కూడా ఇవ్వలేదు. మరి పిల్లలకి దీంట్లో ఏం నేర్పినట్టు?

మేడం, ఒక్కటి అడుగుతా, ఏమీ అనుకోకండి. మీ సార్ ఏమంటున్నారు? ఆయన గట్టిగా నిలబడితే మేనేజ్‌మెంట్ సగం దిగొస్తుంది.

వీపీ_మేడం

అందరికీ థాంక్స్ అండీ. హెచ్ఎం సార్, మీ మాట గుచ్చుకుంది కానీ కోపం రాలేదు. ఆ అప్రైజల్ మార్చిలో జరిగింది, అప్పటికి మా ఇళ్లలో మాట్లాడుకోవడమే మొదలు కాలేదు. రాతపూర్వకంగా ఏమని రాయాలి చెప్పండి, ఇంకా ఏమీ లేని దాని గురించి?

సార్ నాతోపాటు తానూ రిజైన్ చేస్తానంటున్నారు. నేనే వద్దన్నా. ఇద్దరం ఒకేసారి మానేస్తే పెళ్లి ఖర్చులకే అప్పు చేయాల్సి వస్తుంది. అదీకాక జీతంలో సగమే అకౌంట్‌లో పడుతుంది, మిగతాది చేతికిస్తారు, ఇప్పుడు నా జీతం ఎంతని రుజువు చేయాలో కూడా తెలియట్లేదు.

అడ్వకేట్_వరంగల్

సార్‌ని రిజైన్ చేయనివ్వకండి. ఆయన అక్కడే కొనసాగుతుంటే, ఒకే విషయంలో ఇద్దరిని రెండు రకాలుగా చూశారన్న మీ వాదనకు ఆయనే సాక్ష్యం.

మెమోకి జవాబు గడువులోపే ఇవ్వండి, ప్రేమ గురించి ఒకే వాక్యం చాలు: చట్టప్రకారం పెళ్లి చేసుకోబోతున్నాం, స్కూల్ పనివేళల్లో మా వల్ల ఏ ఇబ్బందీ రాలేదు. సంజాయిషీలు, క్షమాపణలు రాయకండి. కొంచెం దూరపు ఉదాహరణే అయినా చెప్తాను, 2022లో గుజరాత్ హైకోర్టు వివాహేతర సంబంధం పేరుతో ఒక కానిస్టేబుల్‌ని తీసేసిన ఆర్డర్‌నే కొట్టేసింది, సమాజం దృష్టిలో తప్పయినా పోలీసు సర్వీసు రూల్స్ కింద దుష్ప్రవర్తన కాదని. అది ప్రభుత్వ ఉద్యోగం, నిజమే, కానీ మీది అసలు అలాంటి సంబంధం కూడా కాదు.

ఇంక్రిమెంట్ గురించి మాత్రం వివరంగా రాయండి. అప్రైజల్ ఎవరు మొదలుపెడతారు, మార్కులు ఎవరు వేస్తారు, రూపాయల అంకె ఎవరి చేతిరాతలో ఉంది. మొత్తం స్టాఫ్ అప్రైజల్ షీట్ల కాపీలు కావాలని అదే జవాబులో అడగండి. ఇవ్వకపోతే విచారణలో లోపం అనడానికి అదొక పాయింటు. హెచ్ఎం గారు చెప్పిన అనుమానానికి జవాబు కూడా ఆ షీట్లలోనే దొరుకుతుంది.

ఇంకోటి, ఉద్యోగం ఎటు పోయినా గ్రాట్యుటీ, అంటే సర్వీసుకి చివర్లో ఇచ్చే మొత్తం, మీది. గ్రాట్యుటీ చట్టం 2009 సవరణతో టీచర్లకూ వర్తించింది, అదీ 1997 ఏప్రిల్ 3 నుంచి. ప్రైవేట్ స్కూళ్లు సవాలు చేస్తే 2022లో సుప్రీంకోర్టు ఆ సవరణనే సమర్థించింది. అయిదేళ్లు నిండాయి కాబట్టి ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున రావాలి. చేతికిచ్చిన డబ్బుకి వాట్సాప్ మెసేజ్ అయినా, మీరు వెంటనే బ్యాంకులో వేసుకున్న ఎంట్రీ అయినా ఉంటే వెతకండి.

మాజీ_ఏఓ

ఆ జవాబు ఆఫీసులో ఇచ్చి రావద్దు మేడం, ఫ్రంట్ ఆఫీసు అమ్మాయి చేత స్టాంపు వేయనివ్వరు. మెయిల్ పెట్టి, స్పీడ్ పోస్టులో కూడా పంపండి, స్కూల్ పేరుకొకటి, సొసైటీ సెక్రటరీ పేరుకొకటి. డెలివరీ అయినట్టు ట్రాకింగ్‌లో రాగానే ప్రింట్ తీసి రసీదుకి పిన్ చేసుకోండి.