సమస్యాపూరణం: “మంచు కురియగ మేనెల్ల మండిపోయె”

విద్యలనగరం (విజయనగరం)

ఈ వారం సమస్య ఈ తేటగీతి పాదం. ఇదే నాలుగో పాదంగా వచ్చేలా పద్యం పూరించాలి:

*మంచు కురియగ మేనెల్ల మండిపోయె*

మొన్న పుష్యమాసం పొద్దున్న అయ్యకోనేరు గట్టు మీద నడుస్తున్నాను. నాలుగడుగుల అవతల మనిషి ఆనడం లేదు. ఎదురొచ్చిన పాలాయన “మంచు బాగా కురుస్తోంది మేష్టారూ” అంటూ దాటిపోయాడు. ఇంటికొచ్చేసరికి ఈ పాదం నోట్లో ఆడుతోంది. మనకి తెల్లారి కమ్మేసే పొగా మంచే, గడ్డి మీద తడీ మంచే, హిమాలయం మీద పడేదీ మంచే. మూడింటికీ ఒకటే మాట. ఎవరు ఏ మంచుని పట్టుకుంటారో చూడాలని ఉంది.

కొత్తవాళ్ళకి: గణమంటే లఘువు (పొట్టి అక్షరం), గురువు (బరువైన అక్షరం) వరస. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో ధ్వనిలో కలవాలి. ప్రాస నియమం లేదు. విరహతాపం మీద వద్దనను గానీ, ఆ దారిలో మనకన్నా ముందు చాలామంది నడిచి వెళ్ళిపోయారు.

బొబ్బిలివీణ

మేష్టారూ, విరహం వద్దన్నారు కాబట్టి దాని దేవుడినే పట్టుకున్నాను.

*పార్వతిని గూర్ప హరునితో వచ్చి మరుడు*
*పూలవిల్లెత్తె హిమశైల భూమియందు;*
*నిటలనేత్రము విప్పగా నిముసమందె*
*మంచు కురియగ మేనెల్ల మండిపోయె.*

విద్యలనగరం

యతులు చక్కగా పడ్డాయి. పూ-భూ మైత్రి వినడానికి కూడా బాగుంది. మొదటి పాదంలోనే అన్వయం తడబడింది. “హరునితో వచ్చి మరుడు” అని చదివితే మన్మథుడు శివుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడనిపిస్తోంది. ఇలా మార్చి చూడండి:

*హరునితో గూర్ప పార్వతి నంగజుండు*

హకారానికి “అంగజుండు”లోని అకారం యతి.

ఇంకొకటి. కుమారసంభవం మూడో సర్గలో మన్మథుడు వచ్చేసరికి వసంతుడు కాలం కాని కాలంలో ఆ వనంలో పూలు పూయించేస్తాడు. అక్కడ మంచు కురిసిందంటే కాళిదాసు ఒప్పుకోడేమో!

బొబ్బిలివీణ

మొదటి పాదం మార్చేస్తాను, కృతజ్ఞతలు. వసంతుడి మాటకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. మంచుకొండ కదా అని మంచు కురిపించేశాను.

పాలకొండ కుర్రాడు

డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊళ్ళో భోగినాడు నిజంగా జరిగింది.

*చలికి వణుకుచు మంటకు దగ్గరైతి*
*భోగి నాడు; దుప్పటిచెంగు పోయి తగిలె;*
*కెవ్వుమనుచును పరుగెత్త గెడ్డ దాక*
*మంచు కురియగ మేనెల్ల మండిపోయె.*

విద్యలనగరం

నాయనా, “గెడ్డ” అన్న మాట పద్యంలో చూసి ఎన్నాళ్ళయిందో! “వాగు” అని రాయనందుకు సంతోషం. కె-గె యతి కూడా దానివల్లే నిలబడింది. రెండో పాదంలో “దుప్పటి”లో మొదటి అక్షరం రగణంలో (గురువు, లఘువు, గురువు) చివరి గురువై కూర్చుంది, అదీ బాగుంది.

మొదటి పాదంలో యతి తప్పింది. చకారానికి దకారం చెల్లదు. “దగ్గరైతి” తీసేసి “జరిగి జరిగి” అను. చ-జ మైత్రి కుదురుతుంది, పిల్లాడు చలికి కొంచెం కొంచెంగా మంట దగ్గరికి జరగడమూ కనపడుతుంది.

*చలికి వణుకుచు మంటకు జరిగి జరిగి*

పాలకొండ కుర్రాడు

నిజంగా అలాగే జరిగాను మేష్టారూ! కాలి పిక్క మీద మచ్చ ఇంకా ఉంది.

ఉద్దానం తోట

మాది పలాస దగ్గర ఉద్దానం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకి మా జీడితోట మొత్తం పడిపోయింది. నాన్న మళ్ళీ మొక్కలు నాటాడు. ఆ మొక్కలు నిండుగా పూత పట్టిన ఏడాది జరిగింది రాశాను.

*పూత నిండిన జీడిపై పొగను బోలి*
*కప్పె రేయెల్ల; తెలవారి కాంచినంత*
*నల్లబడె మొగ్గలుద్దాన, నాన్న కపుడు*
*మంచు కురియగ మేనెల్ల మండిపోయె.*

విద్యలనగరం

సమస్యలో అందరూ నిప్పుని వెతికారు, మీరు నుడికారాన్ని వెతికారు. ఒళ్ళు మండింది అని మనం రోజూ అనే మాటే కదా “మేనెల్ల మండిపోయె”! సమస్య ఇచ్చిన నాకే ఆ అర్థం తట్టలేదు.

“నాన్న” అన్న చోట “కాంచినంత” కొంచెం పుస్తకాల మాట. అయితే “చూసినంత” అంటే కకారానికి యతి పోతుంది. కనక ఉండనివ్వండి.

బొబ్బిలివీణ

చిన్న సందేహం. మంచుకి పూత మాడుతుందా, పురుగుకి మాడుతుందా?

ఉద్దానం తోట

రెండూను. మంచు పట్టి తేమ నిలిస్తే బూజు తెగులు వస్తుంది. లేత రెమ్మల రసం పీల్చే టీ దోమ కూడా ఆ రోజుల్లోనే విజృంభిస్తుంది. పూతకంకి ఎండి నల్లగా అయిపోతుంది. మావాళ్ళు మాత్రం “మంచుకి పూత మాడిపోనాది” అనే అంటారు. నాన్న ఆ రోజు ఎవరి మీదా అరవలేదు. కంకి ఒకటి తుంచి అరచేతిలో నలిపాడు. అది పొడైపోయింది. చెయ్యి దులుపుకోకుండా అలాగే ఇంటికొచ్చాడు.

ఇచ్ఛాపురం సుబేదార్

అందరికీ నమస్కారం. ఫౌజులో 28 ఏళ్ళు చేసి వచ్చాను. పద్యం రాయడం ఇదే మొదలు. గణాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకుని రాశాను, తప్పులుంటే చెప్పండి.

*మూడు నెలలు సియాచెను మోటుచలిని*
*తొడుగు లేక తుపాకిని తొందరపడి*
*పట్టుకొంటిని, తోలూడి వచ్చె, నాకు*
*మంచు కురియగ మేనెల్ల మండిపోయె.*

విద్యలనగరం

సుబేదార్ గారూ, మొదటి పద్యమంటే నమ్మలేకపోతున్నాను. సియాచెన్ లాంటి లఘువు, గురువు వరసలో మొదలయ్యే పేరు ఏ ఇంద్రగణంలోనూ ఇమడదు. మీరు “సి”ని ముందు గణానికి ఇచ్చేసి “యాచెను” భగణం (గురువు, రెండు లఘువులు) చేశారు. కింద పాదంలో తుపాకికీ అదే చేశారు. చెయ్యి తిరిగినవాళ్ళు చేసే పని అది.

భావంలో ఒక్క చిక్కుంది. “మూడు నెలలు” అంటే మూడు నెలలూ తుపాకి పట్టుకునే ఉన్నట్టు వస్తోంది. “మొదటి రేయి సియాచెను” అంటే సరిపోతుంది, యతీ చెడదు.

ఇచ్ఛాపురం సుబేదార్

చిక్కు నిజమే మేష్టారూ. మొదటి రేయి అని మాత్రం రాయలేను. మొదటి రాత్రి ఎవరికీ ఏమీ అవదు. పాతవాళ్ళు పక్కనే ఉండి కనిపెడతారు, మనకీ భయం ఉంటుంది. ఏటంటే, చలి అలవాటైపోయింది అనుకున్న తర్వాతే ప్రమాదం. నాకు జరిగింది మూడో నెలలో, ఇంకో పది రోజుల్లో కిందికి దిగుతామనగా. “మూడవ నెల సియాచెను” అంటే కుదురుతుందా?

విద్యలనగరం

కుదిరింది! “వనెలసి” నాలుగు లఘువులు, నలగణం. యతి అలాగే ఉంది.

బొబ్బిలివీణ

సుబేదార్ గారూ, పద్యం చదివి ఒళ్ళు గగుర్పొడిచింది. విమర్శగా ఒకటి అడగవచ్చా? తోలూడింది వేళ్ళకి కదా, “మేనెల్ల” ఎలా మండుతుంది?

ఇచ్ఛాపురం సుబేదార్

తప్పకుండా అడగాలి బాబూ. అక్కడ ఇనుము మీద వట్టి చెయ్యి వేస్తే చేతి తడి గడ్డకట్టి అంటుకుపోతుంది. లాగితే తోలు దాని మీదే ఉండిపోతుంది. అది ఊడినప్పుడు నాకు నొప్పే తెలియలేదు. వేళ్ళు అప్పటికే మొద్దుబారి తెల్లగా, మైనంలా ఉన్నాయి. తుపాకి మీద నా తోలు ముక్క చూసి, ఇది ఎవరిదో అనుకున్నాను.

మంట తర్వాత వచ్చింది. మంచుకాటు తగిలిన వేళ్ళని రుద్దకూడదు, స్టవ్ దగ్గర పెట్టకూడదు. స్పర్శ ఉండదు కాబట్టి కాలిపోతున్నా తెలియదు. మళ్ళీ గడ్డకట్టని చోటికి చేరాక గోరువెచ్చని నీళ్ళల్లో పెట్టాలి. గుడారంలో అలాగే పెట్టారు. రక్తం వేళ్ళల్లోకి తిరిగి రావడం మొదలైంది. ఆ మంట మణికట్టు దాటి, మోచెయ్యి దాటి, భుజమెక్కి, దవడ దాకా వచ్చింది. బయట మంచు కురుస్తూనే ఉంది. గుడారం గుడ్డ మీద అది పడే చప్పుడు వింటూ పళ్ళ మధ్య బెల్టు పెట్టుకుని కూర్చున్నాను. అందుకే మేనెల్ల అన్నాను.

1984 ఏప్రిల్ 13న మనవాళ్ళు ఆ హిమానీనదం ఎక్కిన నాటి నుంచి తూటాల కన్నా చలీ, మంచుచరియలే ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నాయి. నాకు వేలి కొన పోయింది, అంతే. ప్రతి నవంబరులో పింఛనుకి బతికున్నట్టు వేలిముద్ర ఇవ్వాలి కదా, కుడిచేతి చూపుడువేలుని మెషీను తీసుకోదు. ఎడమ చెయ్యి పెడతాను.

బొబ్బిలివీణ

నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. ఇది తెలిశాక “మేనెల్ల” తప్ప ఇంకో మాట అక్కడ పెట్టలేం.

గంటస్తంభం అక్క (విజయనగరం)

నేను ఎప్పుడూ చదివి వెళ్ళిపోతాను. సుబేదార్ అన్నయ్య రాసింది చూశాక ఉండబట్టలేదు. మావాడు కాశ్మీరులో ఉన్నాడు.

2016 ఫిబ్రవరి 3న సియాచెన్‌లో సోనం పోస్టు మీద మంచుచరియ విరిగిపడి మద్రాస్ రెజిమెంటు జవాన్లు పదిమంది కూరుకుపోయారు. ఆరు రోజులకి లాన్స్‌నాయక్ హనుమంతప్ప ఊపిరితో దొరికాడు. 11న ఢిల్లీ ఆసుపత్రిలో పోయాడు. మావాడు అప్పుడు తొమ్మిదో తరగతి. ఆ వారమంతా టీవీ ముందు నుంచి లేవలేదు. ఆ ఏడే చెప్పాడు, నేను సైన్యంలోకి వెళ్తానని.

అక్కడ డిసెంబరు 21 నుంచి జనవరి 30 దాకా నలభై రోజుల చలిని చిల్లై కలాన్ అంటారట. జనం ఫెరన్ అనే పొడవాటి అంగీ లోపల కాంగ్డీ అని నిప్పుల బుట్ట పట్టుకుని తిరుగుతారట. “మన కుంపటే అమ్మా, అది నడుస్తుంది” అని చెప్పాడు.

*కొడుకు కాశ్మీరమున నుండ కుంపటెదుట*
*తల్లి కూర్చుండి వణికెను తలచి తలచి;*
*ఫోను మోగని రాత్రిలో పొద్దు పోక*
*మంచు కురియగ మేనెల్ల మండిపోయె.*

విద్యలనగరం

అమ్మా, కుంపటి ముందు కూర్చుని వణకడం, ఎక్కడో కురిసే మంచుకి ఇక్కడ మండడం. సమస్య అడిగిన విరుద్ధాన్ని మీరు రెండు చోట్లా సాధించారు. ఛందస్సులో వంక లేదు.

మంచు ఎక్కడ కురుస్తోందో కొంచెం తేలాలి. మూడో పాదం ఇలా అంటే?

*ఫోను మోగదు రేయంత, పుత్రుపైన*

అప్పుడు “పుత్రుపైన మంచు కురియగ” అని సూటిగా అన్వయం కుదురుతుంది.

గంటస్తంభం అక్క

అన్వయం బాగానే కుదిరింది మేష్టారూ. కానీ రాత్రి రెండు గంటలకి ఫోను వైపు చూస్తూ “పుత్రుడు” అని ఏ తల్లి అనుకుంటుంది? పైన “కొడుకు” అని మొదలుపెట్టాను, అదే ఉండనివ్వండి. పొద్దుపోకపోవడం కూడా తీసేయలేను. ఆ రాత్రి నాకు మిగిలింది అదే.

విద్యలనగరం

నిజమే తల్లీ. నా సవరణ తీసేస్తున్నాను. పద్యం మీరు రాసినట్టే ఉండాలి.

ఉద్దానం తోట

అక్కా, నాకు “పొద్దు పోక” దగ్గరే గొంతు పట్టేసింది.

ఇచ్ఛాపురం సుబేదార్

చెల్లెమ్మా, పిల్లోడు పైపోస్టుకి వెళ్ళేటట్టుంటే ఒక మాట చెప్పు. చేతి తొడుగులు రెండూ తాడుతో కలిపి, ఆ తాడు మెడ చుట్టూ, కోటు చేతుల్లోంచి వేసుకోమను. తీసినా కింద పడవు, గాలికి పోవు. చిన్నపిల్లల్లా ఉందని నవ్వుతారు, నవ్వనీ. ఆ రోజు నా తాడు తెగింది. రేపు ముడేసుకుందాం అనుకున్నాను.

గంటస్తంభం అక్క

రాత్రి ఫోను వస్తే మొదట అదే చెప్తాను అన్నయ్యా.